చిన్నబడిని తూచు త్రాసు

ఒక బడి మంచిదో కాదో తేల్చుటకు నేడు లెక్కలకు కొదువ లేదు. చేరిన పిల్లలెందఱు, హాజరెంత, మార్కులెన్ని, గదులెన్ని, మరుగుదొడ్లెన్ని అను పట్టికలు ఏటేట నిండుచునే యున్నవి. అయినను నరసరావుపేట, మాచర్ల, పిడుగురాళ్ళ వంటి పల్నాటి పట్టణములలో, కూలిచేసికొని బ్రతుకువారి పేటల నడుమనున్న చిన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలను గూర్చి ఆ పట్టికలు చెప్పునది స్వల్పము. ఆ స్వల్పమైనను సరిగా చెప్పుచున్నవా అనునది విచారింపదగిన విషయము. ఏలయన, ఆ పట్టికలోని ఒక్క అంకెనుబట్టి బడిలో తరగతులు నిలుచుటయో తరలిపోవుటయో నిర్ణయమగుచున్నది.

2022 జూన్ నెలలో వెలువడిన 117వ నంబరు ప్రభుత్వోత్తర్వు ఈ సంగతిని ఇంటింటికి తెలియజేసినది. దాని ననుసరించి అనేక ప్రాథమిక పాఠశాలలనుండి 3, 4, 5 తరగతులు కిలోమీటరు లోపునున్న ఉన్నత పాఠశాలలకు తరలినవి. అచ్చట సబ్జెక్టునకొక ఉపాధ్యాయుడు లభించునని ప్రభుత్వ వాదము. అది త్రోసిపుచ్చదగిన వాదము కాదు. కాని పటముపై గీచిన కిలోమీటరును, ఎనిమిదేండ్ల పిల్ల లారీలు తిరుగు రోడ్డు దాటి నడువవలసిన కిలోమీటరును ఒక్కటిగా నెంచుట న్యాయము కాదు. 2025 మే నెలలో ఆ ఉత్తర్వు రద్దయి, ఫౌండేషన్, బేసిక్, మోడల్ అను పేర్లతో ప్రాథమిక పాఠశాలలకు క్రొత్త వర్గీకరణము వచ్చినది. మోడల్ బడియైనచో తరగతికొక ఉపాధ్యాయుడుండును. ఆ హోదా దక్కుటకు ప్రధానాధారము పిల్లల సంఖ్యయే. త్రాసు మాత్రము పాతదే.

పిల్లల సంఖ్య బడి గుణమును తెలుపదా? కొంతవఱకు తెలుపును. తలిదండ్రులు నమ్మని బడి ఖాళీ యగును. కాని 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము అరువదిమంది పిల్లల వఱకు ఇద్దఱే ఉపాధ్యాయులు. ఐదు తరగతులకు ఇద్దఱున్న బడిని చూచి, నాలుగు రాళ్ళు సంపాదించుకొనగల తండ్రి తన బిడ్డను ప్రైవేటు బడి బస్సెక్కించును. సంఖ్య తగ్గును. తగ్గినదని మఱియొక ఉపాధ్యాయుడు కదలును. ఇట్లు కారణమేదో కార్యమేదో తెలియని చక్రములో బడి చిక్కుకొనును. చివరకు మిగులువారు ఎక్కడికిని పోలేనివారి పిల్లలు. వారితో నిండిన బడిని, పోగలవారి పిల్లలతో నిండిన బడిప్రక్క నిలిపి మార్కులు పోల్చినచో తేలునది ఉపాధ్యాయుని పనితనము కాదు, తండ్రుల సంపాదన.

మార్కుల విషయమున మఱియొక చిక్కున్నది. గణితము చదువుకొను విద్యార్థులు దీనిని సులభముగా గ్రహింపగలరు. మూడవ తరగతిలో పండ్రెండుమంది యున్నారనుకొన్నచో, తొమ్మండుగురు ధారాళముగా చదివిన ఏడు ఫలితము నూటికి 75. మరుసటి యేట మఱి ముగ్గురు తడబడినచో అది 50. ఉపాధ్యాయుడు అతడే, పాఠము అదే. నూట ఇరువదిమంది గల పెద్దబడిలో ఆ ముగ్గురివలన తగ్గునది రెండున్నర మాత్రమే. కనుక చిన్నబడులు పట్టికలో ఒకయేడు శిఖరమునను, మఱొకయేడు పాతాళమునను కన్పించుట సహజము. అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ 2000 తరువాతి సంవత్సరములలో చిన్న ఉన్నత పాఠశాలల స్థాపనకు విస్తారముగా ధనము వెచ్చించినది. ఉత్తమ ఫలితముల పట్టికలో చిన్నబడులు విశేషముగా కన్పించుట ఆ ఉత్సాహమునకు ఊతమైనది. కాని హోవర్డ్ వైనర్ అను గణాంకశాస్త్రజ్ఞుడు పెన్సిల్వేనియా బడుల లెక్కలు తీసి, పట్టిక అడుగున కూడ చిన్నబడులే విశేషముగా నున్నవని చూపెను. పైభాగము మాత్రమే చదువుట ఎంత ప్రమాదమో, మన యధికారులు అడుగుభాగము మాత్రమే చదువుటయు అంతే ప్రమాదము.

ఇక పల్నాటికే ప్రత్యేకమైన లెక్క యొకటి కలదు. ప్రత్తితీత, మిరపకోత కాలములలో కూలికుటుంబములు పనివెంట కదలును. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలకు పొరుగుప్రాంతముల కూలీలు వత్తురు, పోవుదురు. శివరాత్రి నాటి కోటప్పకొండ తిరునాళ్ళ సంగతి సరే సరి. ఆ రోజులలో నరసరావుపేట బడులలో హాజరు చూడబోయిన తనిఖీదారుకు బల్లలు మాత్రమే స్వాగతము చెప్పును. సెప్టెంబరులో కొలిచిన బడియు, ఫిబ్రవరిలో కొలిచిన బడియు ఒక్కటి కాదు. తేదీ వ్రాయని హాజరు శాతము అర్థము లేని శాతము.

బయటివారి సర్వేలు ఈ లోటు తీర్చునా? 2005 నుండి వెలువడుచున్న అసర్ నివేదిక గ్రామీణ ప్రాంతములకే పరిమితము. పట్టణపు పేటలు దాని కంటబడవు. 2024 డిసెంబరులో జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ నమూనా పరీక్ష. అది జిల్లా స్థితిని చెప్పునుగాని ఫలానా వార్డు బడి సంగతి చెప్పదు. బడి తన్నుతాను పరీక్షించుకొనుటకు 2015లో వచ్చిన శాలాసిద్ధి కార్యక్రమమునందు 7 రంగములు, 46 ప్రమాణములు కలవు. ఉద్దేశము మంచిది. కాని భోజనముల లెక్క, ఫోనులో ఫోటోలు, రెండు తరగతుల పాఠము ఒక్కచేతితో నడుపు ప్రధానోపాధ్యాయుడు ఆ నలుబదియారింటిని ఎంత శ్రద్ధతో నింపగలడో ఊహింపవచ్చును. ఒక్కటి మాత్రము ఆ పత్రములో మెచ్చదగినది: అందఱిని కలుపుకొనుట, ఆరోగ్యము, భద్రత అనువానిని అది ఒక రంగముగా గుర్తించినది. 1895లో వినుకొండలో జన్మించిన జాషువ బడిలో కులము పేర అవమానములు పడిన ప్రాంతమిది. ఏ బిడ్డ ఎచ్చట కూర్చుండుచున్నాడో చూడని మూల్యాంకనము ఇచ్చట మూల్యాంకనమే కాదు.

ఫలితమునుబట్టి వెల కట్టుట క్రొత్త యాలోచన కాదు. పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మద్రాసు రాజధానిలో, ఇన్స్పెక్టరు పరీక్షలో నెగ్గిన పిల్లల సంఖ్యనుబట్టి బడులకు గ్రాంటులిచ్చెడివారు. నెగ్గగలవారికే బోధన, తక్కినవారికి వల్లెవేత మిగులుటచే 1904 నాటి భారత ప్రభుత్వ తీర్మానము ఆ పద్ధతిని నిరాకరించినది. నూఱేండ్ల తరువాత, 2005లో, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో జరిపిన ప్రయోగము దీనికి భిన్నమైనది. పిల్లవాడు ఎచ్చట నున్నాడని కాక, ఏడాదిలో ఎంత ముందునకు వచ్చెనని కొలిచి, ఆ వృద్ధినిబట్టి ఉపాధ్యాయులకు బహుమానమిచ్చిరి. రెండేండ్లలో గణితమునను భాషయందును పిల్లలు మెఱుగుపడిరి. బహుమానముతో సంబంధములేని సైన్సు, సాంఘికశాస్త్రములలోను మెఱుగు కన్పించినది. బహుమానముల మంచిచెడ్డలపై వాదోపవాదములుండవచ్చును. ఏబదిమార్కుల బిడ్డను ఏబదియైదునకు తెచ్చిన బడికంటె, పదిమార్కుల బిడ్డను ముప్పదికి తెచ్చిన బడి ఎక్కువ పని చేసినదని ఒప్పుకొనుటకు మాత్రము వాదము అక్కఱలేదు.

సగటు లెక్కలకు లొంగకపోవుట చిన్నబడి దోషమైనచో, దానికి సరిపోవు సుగుణము కూడ దానికే కలదు. పెద్దబడిలో నమూనా తీయవలెను. ముప్పదిమంది గల బడిలో నమూనాతో పనిలేదు. ఒక్కొక్క బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పేరా చదివించి, రెండు లెక్కలు చేయించుటకు పది నిమిషములు చాలును. ముప్పదిమందికి ఐదు గంటలు, అనగా ఒక్క బడిదినము. బయటినుండి వచ్చిన ఉపాధ్యాయుడొకడు ఈ పనిని బడి తెఱచిన జూనులో ఒకమారు, మరల ప్రతి యేటను అదే మాసములో చేసి, పేరుపేరునా వ్రాసియుంచినచో మూడేండ్లకు ఆ బడి చరిత్ర తేటపడును. నడుమ బడి విడిచిన బిడ్డ పేరు కొట్టివేయక, ఎచ్చటికి పోయెనో ఎదుట వ్రాయవలెను: ప్రైవేటు బడికా, మిరపచేనికా, పెండ్లికా. ఉపాధ్యాయుడు బదిలీయైనపుడు ఆ పుస్తకము తాళపుచెవులతోపాటు వచ్చువాని చేతికి అందవలెను. తరగతులు కదల్చు ఉత్తర్వుపై సంతకము చేయు అధికారి ముందుగా తెఱచి చూడవలసినదియు ఆ పుస్తకమే.