ఒకే అట్టలో రెండు కచేరీలు

ఈ నెల మీతో నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. చెప్పుకుంటే నాకు బరువు తీరుతుంది. మీ ఇళ్ళలో అటక మీద పాత ప్లేట్లు ఉంటే మీకూ కొంత ఉపయోగం కలుగుతుంది.

మా తమ్ముడు ఓడల మీద ఇంజనీరుగా పనిచేశాడు. తక్కినవాళ్ళు రేవుల్లో దిగి గడియారాలూ, సెంటు సీసాలూ కొంటే, వాడు గ్రామఫోను రికార్డులు కొనేవాడు. పోనీ, నలుగురూ వినేవా అంటే అదీ కాదు. అమెరికాలో నల్లవారు పెంచి పెద్దచేసిన జాజ్. అందులోనూ 1960 ప్రాంతాల్లో తల ఎత్తిన కొత్త రకం. మామూలు జాజ్‌లో ముందు ఒక వరుస వాయించి, ఆ వరుస క్రింద నడిచే స్వరాల చక్రాన్ని పట్టుకుని ఒక్కొక్కరే మనోధర్మం చూపిస్తారు. ఈ కొత్తవాళ్ళు ఆ చక్రాన్నే వదిలేశారు.

సెలవుకు బెంగుళూరు వచ్చినప్పుడల్లా వాడు ఒక ప్లేటు పెట్టి, "ఒక్కసారి కూర్చుని విను, అన్నయ్యా" అనేవాడు. నేను రెండు నిమిషాలు విని, "ఇది సంగీతమా, సంతా?" అని లేచిపోయేవాణ్ణి. వాడు నవ్వి శబ్దం తగ్గించేవాడు. అట్లా నలభై ఏళ్ళు గడిచాయి.

రెండేళ్ళ క్రిందట వాడు కాలం చేశాడు. పెళ్ళి చేసుకోలేదు గనుక పెట్టెలన్నీ మా ఇంటికే వచ్చాయి. మా ఆవిడ ఒక్కొక్కటే తుడిచి పెడుతూ, "ఉంచుకుందాం లెండి. కాని ఒకే అట్టవి రెండేసి ఎందుకూ?" అంది. సబబే అనిపించింది. జతలుగా ఉన్నవాటిలో ఒక్కొక్కటి తీసి, పేటలో పాత సామాన్లు కొనే ఆసామికి ఇచ్చి వచ్చాను. జాన్ కోల్ట్రేన్ వాయించిన ‘అసెన్షన్’ అందులో ఒకటి. రెండింటికీ ఒకే బొమ్మ, ఒకే కంపెనీ, ఒకే నంబరు.

వారం తిరగకుండానే కాలేజీలో చదివే మా మనవడు వచ్చి, మిగిలిన ప్లేటును దీపం క్రింద తిప్పి చూసి, "రెండోది ఏదీ, తాతయ్యా?" అన్నాడు.

"ఇచ్చేశాను. రెండూ ఒకటేగా!"

"కాదు తాతయ్యా" అంటూ, చివరి గాడికీ మధ్యనున్న లేబులుకూ నడుమ నున్నగా ఉండే జాగా చూపించాడు. ఆ నలుపులో సన్నగా గీసిన ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి: ‘ఎడిషన్ టూ’.

సంగతేమిటంటే, 1965 జూన్ 28న న్యూజెర్సీలోని వాన్ గెల్డర్ స్టూడియోలో కోల్ట్రేన్ తనతో కలిపి పదకొండుమందిని కూర్చాడు. సాక్సఫోన్లు అయిదు, ట్రంపెట్లు రెండు, పియానో ఒకటి, నిలువెత్తు బాస్ ఫిడేళ్ళు రెండు, డ్రమ్ములు. ఆనాడు ఈ ఒక్క కృతినే వాళ్ళు మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు వాయించారు. 1966లో ముందుగా ఒక వాయింపు ప్లేటుగా వెలువడింది. కోల్ట్రేన్‌కు నచ్చినది అది కాదు, రెండోది. అందుచేత కొన్ని నెలలకు కంపెనీ లోపలి సంగీతాన్ని మార్చింది. అట్ట మాత్రం అదే. తేడా తెలిసే గుర్తు ఆ గీసిన అక్షరాలే. 1967 జూలై 17న, నలభై ఏళ్ళకే, కోల్ట్రేన్ కన్నుమూశాడు.

అంటే నేను దుకాణంలో ఇచ్చివచ్చినది, ఆయన వద్దనుకున్న మొదటి కచేరీ అన్నమాట. మా తమ్ముడు రెండూ వెతికి వెతికి సంపాదించి పక్కపక్కన పెట్టుకున్నాడు. నేను ఒక్క పూటలో విడదీశాను.

మర్నాడు పొద్దున్నే పేటకు పరుగెత్తాను. ఆసామి చేతులు తిప్పేశాడు. "ఎవరో కుర్రవాడు కొన్నాడండీ. మళ్ళీ వస్తే చెబుతాను" అన్నాడు. మూడు వారాలకు ఆ కుర్రవాడే మా ఇంటి తలుపు తట్టాడు. చేతిలో ప్లేటు ఉంది. ఎంతైనా ఇస్తానన్నాను. తల అడ్డంగా తిప్పాడు. "అమ్మనండీ. కాని ఆదివారాలు తెస్తాను. రెండూ కలిపి విందాం. నేనూ రెండోది వినలేదు" అన్నాడు. నాకు మాట రాలేదు. మా ఆవిడ లోపలినుంచి, "కాఫీ తాగుతావా, నాయనా?" అని అడిగింది.

మొదటి ఆదివారమే నన్ను ఈ ఏటిలోకి దింపలేదు వాడు. అంతకు ముందు పుట్టిన ‘ఫ్రీ జాజ్’ పెట్టాడు. ఆర్నెట్ కోల్మన్ 1960 డిసెంబరు 21న రికార్డు చేసినది. దాదాపు 37 నిమిషాలు. నలుగురేసి ఉన్న రెండు జట్లు ఒకేసారి వాయిస్తాయి. ఒక జట్టు ఎడమ పెట్టెలోనుంచి, రెండోది కుడి పెట్టెలోనుంచి వినిపిస్తుంది. మా తమ్ముడు ఆ పెట్టెలు రెంటినీ గదికి ఆ మూలా ఈ మూలా ఎందుకు పెట్టేవాడో నాకు అప్పుడు అర్థమయింది. చోటు చాలదని నేనే వాటిని దగ్గరకు జరిపించేవాణ్ణి!

తరువాతి వారం ‘అసెన్షన్’ విన్నాం. సాక్సఫోను మనకు కొత్తది కాదు. మన కర్ణాటకానికే చెందిన కద్రి గోపాలనాథ్ (1949–2019) దాన్ని మన కచేరీ వేదిక ఎక్కించారు. అయినా అయిదు సాక్సఫోన్లు ఒక్కసారి అరిస్తే గుండె దడదడలాడింది. కాస్త ఓర్చుకుంటే దారి దొరికింది. అందరూ కలిసి ఎత్తుకుంటారు. ఒకడు ముందుకు వస్తాడు. అతని మాట ముగియగానే మళ్ళీ అందరూ అందుకుంటారు. మన భజనగోష్ఠి నడక ఇదే కదూ! సగంలో ముల్లు తీసి, ప్లేటు తిరగవేసి, మిగతా సగం వినాలి.

రెండు వాయింపులకూ తేడా నా చెవికే తెలిసింది. మొదటి ఎడిషన్‌లో చివరి భాగంలో ఎల్విన్ జోన్స్ ఒక్కడే డ్రమ్ములు వాయిస్తాడు. రెండోదానిలో ఆ ఘట్టం లేదు. సాక్సఫోను వాళ్ళు ముందుకు వచ్చే వరుస కూడా మారుతుంది. ఒకే విద్వాంసుడు తోడి రాగం రెండు సభల్లో పాడితే, ఒకటి విన్నాం గదా, రెండోది ఎందుకని మనం అంటామా? తమ్ముడి ప్లేటు దగ్గర మాత్రం నేను ఆ మాటే అన్నాను.

ఇప్పుడు నాకు ఈ సంగీతం పూర్తిగా నచ్చిందని చెబితే అబద్ధం. కొన్ని చోట్ల ఇంకా తల నొప్పి పుడుతుంది. కాని లేచిపోవడం మానేశాను. వాడు కోరింది అంతే. వాడు బ్రతికి ఉండగా నలభై నిమిషాలు ఇవ్వలేకపోయాను.

కనుక, మీ అటక దులిపేముందు మూడు పనులు చేయండి. ప్లేట్లను ఒకదానిమీద ఒకటి పేర్చకండి, వంగిపోతాయి. పుస్తకాల్లాగా నిలువుగా నిలబెట్టండి. రెండేసి ఉన్నాయనిపిస్తే దీపం క్రింద ఆ నున్నటి జాగా చూడండి. ఒక వైపు గాడులే లేకపోయినా పారవేయకండి. ఆల్బర్ట్ ఐలర్ 1965 మే 1న న్యూయార్కు టౌన్ హాలులో వాయించిన ‘బెల్స్’ ఒక్క వైపునే వెలువడింది. అది చూసి మా ఆవిడ, "పాపం, ఎవరో మోసం చేశారు మరిదిని" అని జాలిపడింది.

అన్నిటికన్నా ముఖ్యం, కొన్న మనిషి ఇంకా మీ ఇంట్లోనే ఉంటే, వెళ్ళి పక్కన కూర్చోండి.