మెయిల్ వచ్చింది... ఆర్డరేదీ?

ప్రశ్న: మాది ఇంటి పచ్చళ్ల వ్యాపారం. ఆర్డర్లు జీమెయిల్‌కు వస్తాయి. మా అబ్బాయి రాసిపెట్టిన పైథాన్ ప్రోగ్రాము అరగంటకోసారి మెయిల్‌బాక్సు చూసి కొత్త ఆర్డర్లను జాబితాలో చేరుస్తుంది. ఈమధ్య కొన్ని ఆర్డర్లు చేరడం లేదు. తప్పు ఉన్నట్టు ఎక్కడా చూపించడమూ లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ప్రోగ్రాము సంగతి పక్కన పెట్టండి. నెల రోజుల మెయిళ్లను, స్పామ్ ఫోల్డరుతో సహా, జాబితాతో పోల్చి చూడండి. డబ్బు కట్టి ఎదురుచూస్తున్న వాళ్లకు వెంటనే కబురు చేయండి.

ఇక అసలు విషయం. కొన్ని ఆర్డర్లు చేరుతున్నాయంటే పాస్‌వర్డూ, నెట్ కనెక్షనూ బాగానే ఉన్నట్టే. తప్పిపోయిన మెయిళ్లను ఇంట్లో ఎవరైనా ముందే ఫోన్‌లో తెరిచారేమో కనుక్కోండి. ఇలాంటి ప్రోగ్రాములు ఎక్కువగా ‘చదవని మెయిళ్లు మాత్రమే ఇవ్వు’ అని సర్వర్‌ను అడుగుతాయి. 1986లో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమ్యాప్ పద్ధతిలో ‘చదివేశారు’ అన్న గుర్తు సర్వర్‌లోనే ఉంటుంది. ఒకే మెయిల్‌బాక్సును ఎన్ని చోట్ల నుంచి చూసినా ఒకేలా కనిపించాలన్నది అందులోని సౌకర్యం. మీరు ఫోన్‌లో చూడగానే ఆ గుర్తు పడిపోతుంది. ప్రోగ్రాముకు ఆ మెయిల్ లేనట్టే! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ, ఈ దొంగను పట్టడం తేలికే. మీకు మీరే రెండు ఉత్తుత్తి ఆర్డర్లు పంపుకోండి. ఒకటి ఫోన్‌లో తెరవండి, రెండోది ముట్టుకోకండి. అరగంట తర్వాత రెండోదే జాబితాలో కనిపిస్తే కారణం దొరికినట్టే.

మీ అబ్బాయికి ఫోన్‌లో రెండు మార్పులు చెప్పండి. ఒకటి: ‘చదవనివి’ అన్న షరతు తీసేసి, ప్రతి మెయిల్‌కూ సర్వర్ ఇచ్చే యూఐడీ అనే సంఖ్యను గుర్తుంచుకోవాలి. కిందటిసారి ఆగిన సంఖ్య తర్వాతివన్నీ కొత్తవే అన్నమాట. రెండు: మెయిల్‌ను ‘పీక్’ పద్ధతిలో తీసుకోవాలి. మామూలుగా తీసుకుంటే అప్పుడే ‘చదివేశారు’ గుర్తు పడుతుంది. ఆ క్షణంలో కరెంటు పోతే గుర్తు మిగులుతుంది, ఆర్డరు మాత్రం జాబితాకెక్కదు. యూఐడీని కూడా ఆర్డరు జాబితాలో చేరాకే రాసుకోవాలి.

సబ్జెక్టులో ‘ఆర్డర్’ అని తెలుగులో రాసినవే తప్పిపోతుంటే కారణం వేరు. తెలుగు అక్షరాలు సాధారణంగా సంకేతాలుగా మారి ప్రయాణిస్తాయి. వాటిని విప్పాకే ప్రోగ్రాము ఆ మాటను వెతకాలి.

ఒక్క ఆర్డరూ రాకపోతే మాత్రం పాస్‌వర్డును అనుమానించండి. సొంత ఖాతాల మామూలు పాస్‌వర్డుతో ఇలాంటి ప్రోగ్రాములు లాగిన్ కావడాన్ని గూగుల్ 2022 మేలో ఆపేసింది. రెండంచెల భద్రత పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకోవాలి. ఖాతా పాస్‌వర్డు మార్చినప్పుడల్లా అది రద్దవుతుంది. మళ్లీ కొత్తది తీసుకోవాల్సిందే. దాన్ని ఎవరికీ చెప్పకండి.