ఆకు, ముల్లు

‘సంస్కృతి’ యను మాట తెలుగువారి చెవికి శుభవాచకము. సంగీతము, నాట్యము, పండుగలు, పెద్దలయెడ వినయము - ఇవియే ఆ మాటతో స్ఫురించును. అట్టి మాటకు ముందు మరియొక మాట చేర్చి ‘అత్యాచార సంస్కృతి’ యని వ్రాయగనే చదువరులలో పలువురు ఉలికిపడుట సహజమే. ఈ పదబంధమును 1970 దశకమున అమెరికాలోని స్త్రీవాదులు ప్రచారములోనికి తెచ్చిరి. 1975లో ఆ పేరుతోనే యొక డాక్యుమెంటరీ చిత్రము వెలువడెను. ఆంగ్లమున ‘కల్చర్’ అన్నది మంచిచెడ్డల ప్రసక్తి లేక ఒక సంఘపు అలవాట్ల మొత్తమును చెప్పగలదు. తెలుగులోనికి వచ్చుసరికి ఆ తటస్థత జారిపోయి నింద మాత్రము మిగిలినది. నేటి వివాదములో కొంత ఈ మాటవలన పుట్టినదే. అంతయు కాదు.

ఆక్షేపకుల వాదములో బలము లేకపోలేదు. నేరము చేసినవాడు ఒకడు. వానికి బుద్ధియు కలదు, చేతులును కలవు. సంఘమంతయు దోషి యన్నచో వాని దోషము పలుచబడును గదా! ఈ మాట స్త్రీద్వేషులు మాత్రమే అనుటలేదు. బాధితులకు తోడ్పడుటకై అమెరికాలో నెలకొన్న ‘రెయిన్’ అను పెద్ద సంస్థయే 2014లో శ్వేతసౌధమునకు లేఖ వ్రాయుచు, నెపమును సంస్కృతిపైకి నెట్టు ధోరణి ప్రబలుచున్నదనియు, అత్యాచారమునకు మూలము కొద్దిమంది తెలిసి చేసికొన్న నిర్ణయమే యనియు వాదించెను. ప్రతి తండ్రిని, ప్రతి అన్నను బోనులో నిలువబెట్టు ఉపన్యాసము ఏ ఉద్యమమునకును మేలు చేయదన్నదియు నిజమే.

అయినను ఆ పదబంధమునకు విలువ గలచోటు వేరొకటి. నేరస్థుని మనస్సును అది వివరింపజాలకపోవచ్చును. నేరము జరిగిన మరునాటి ఉదయమునుండి ఆమెకు ఏమి జరుగునో అది చక్కగా వివరించును.

ముల్లు వచ్చి ఆకుమీద పడినను, ఆకు వచ్చి ముల్లుమీద పడినను చిరుగునది ఆకే యని తెలుగు సామెత. తల్లులు కూతుళ్ళకు తరతరములుగా చెప్పుచున్న హితవది. చెప్పు తల్లికి దురుద్దేశము లేదు, భయము కలదు. కాని ముల్లునకు ఏమి చెప్పవలెనో ఆ సామెతలో లేదు. పత్రికలు చిరకాలము వాడిన ‘మానభంగము’ అను మాటను చూడుడు. దొంగలు పడిన ఇంటి యజమాని పరువు పోయినదని ఎవరును అనరు. ఇచ్చట మాత్రము నేరము ఒకరిది, భంగమైనది మరియొకరి మానము! ‘చెరచుట’ అన్న క్రియయు అట్టిదే. చెరచినవానిని వదలి ‘చెడినది’ అన్న మాట ఆమెకే అంటుకొనును.

సామెతలకు కోర్టులో పనియేమి యని అడుగవచ్చును. 1872 నాటి సాక్ష్య చట్టము 155వ సెక్షనులో నాలుగవ అంశము ఒకటి ఉండెను. ఫిర్యాదు చేసిన స్త్రీ సాధారణముగా శీలము లేనిదని చూపి ఆమె సాక్ష్యమును త్రోసిపుచ్చుటకు అది నిందితునకు అవకాశమిచ్చెను. 2002 సవరణతో గాని అది తొలగలేదు. నూట ముప్పది ఏండ్లపాటు ఆకు సామెత ఆంగ్లమున చట్టమై నిలిచినది.

దాని బలమెట్టిదో హైదరాబాదు నగరము 1978లో చూచినది. ఆ మార్చి నెలలో ఒక రాత్రి, సినిమా చూచి వచ్చిన ఒక పేద యువతిని నల్లకుంట పోలీసు స్టేషనునకు కొనిపోయిరి. అచ్చట ఆమెపై అత్యాచారము జరిగెను. రిక్షా లాగి బ్రతుకు ఆమె భర్త పోలీసుల దెబ్బలకు మరణించెను. నగరము భగ్గుమన్నది, కాల్పులు జరిగినవి. విచారణకై నియమింపబడిన జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసులను దోషులుగా తేల్చెను. ఆ విచారణలో పోలీసుల పక్షమువారు ఆమె వేశ్య యని చూపుటకు ఎంతయో శ్రమించిరి. ఆమె ఎవరైననేమి? ఆ రాత్రి జరిగినది మారునా? కేసు కర్ణాటకలోని రాయచూరునకు బదిలీయైనది. 1981లో నిందితులు విడుదలైరి.

ఆ 1978లోనే, సెప్టెంబరులో, సుప్రీంకోర్టు మథుర కేసులో తీర్పు చెప్పెను. 1972లో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీసు స్టేషనులో ఒక ఆదివాసీ బాలికకు జరిగిన అన్యాయమది. హైకోర్టు విధించిన శిక్షలను రద్దు చేయుచు న్యాయమూర్తులు, ఆమె ఒంటిపై గాయములు లేవనియు, ప్రతిఘటించిన జాడ లేదనియు ఎత్తిచూపిరి. మరుసటి యేట ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అను నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. లొంగుట వేరు, సమ్మతించుట వేరు అన్నది దాని సారము. 1983లో చట్టము మారినది. ఆ తీర్పు చెప్పినవారు దుర్మార్గులు కారు; చదువుకొన్న పెద్దమనుష్యులు. చిక్కంతయు అచ్చటనే కలదు. భయముతో బిగుసుకొనిపోయిన బాలిక మౌనమును ఒప్పుదలగా చదువుట వారికి ఎవరు నేర్పిరి? దీనికి ‘సంస్కృతి’ అను పేరు నచ్చనివారు మరియొక పేరు పెట్టవలెను. పేరు లేకుండ మాత్రము వదలరాదు. చట్టము మారినను అలవాటు మారుట ఎంత కష్టమో ‘రెండు వ్రేళ్ళ పరీక్ష’ చెప్పును. 2013లో సుప్రీంకోర్టు తప్పుపట్టిన ఆ పరీక్షను 2022లో అదే కోర్టు మరల ఖండింపవలసివచ్చెను.

స్త్రీవాదులకు విచారణతో పనిలేదు, శిక్షయే కావలెను అన్నది ఆక్షేపకుల కడపటి మాట. 2019 నవంబరులో హైదరాబాదు శివారున ఒక యువ పశువైద్యురాలు అత్యాచారమునకును హత్యకును గురియైనది. ఆ రాత్రి ఆమె జాడకై పరుగెత్తిన కుటుంబమువారు, ఇది తమ పరిధి కాదని పోలీసులు త్రిప్పిరని వాపోయిరి. కేసు నమోదులో జరిగిన ఆలస్యమునకు ముగ్గురు పోలీసులు సస్పెండైరి. డిసెంబరు 6వ తేదీన నలుగురు నిందితులు పోలీసు తుపాకులకు బలియైరి. జనము పోలీసులపై పూలు చల్లిరి. ఆ కాల్పులు చంపు ఉద్దేశముతో జరిపినవేయని 2022లో సిర్పుర్కర్ కమిషను తేల్చెను. ఆ కాల్పులపై విచారణ కోరుచు తొలుతనే హైకోర్టు నాశ్రయించినవారిలో స్త్రీహక్కుల కార్యకర్తలు ఉండిరి. పూలవానలో మునిగిపోయినది ఆ మొదటి రాత్రి స్టేషను గుమ్మములో జరిగిన ఆలస్యము.