కట్టు బతికింది, పడవ బతకదా?

పుత్తూరు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది కట్టు. చెయ్యి విరిగినవాళ్లు, కాలు బెణికినవాళ్లు పక్క రాష్ట్రాల నుంచి కూడా రాచపాళెం దారి పడతారు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డపట్టీ, అంతే సరంజామా. వైద్యంగా దాని మంచిచెడ్డలు డాక్టర్లు తేల్చాల్సినవి, ఆ జోలికి పోను. ఆ చేతిపని తరాలు దాటి ఎలా నిలిచిందన్నదే ఇక్కడ నాకు కావాల్సింది. ఎవరో మ్యూజియంలో పెట్టి కాపాడితే నిలవలేదు, పొద్దున్నే గుమ్మం ముందు జనం కూర్చుంటున్నారు కాబట్టి నిలిచింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పుత్తూరూ పులికాట్ సరస్సూ ఒకే తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. ఆ సరస్సు మీద తెరచాప ఎత్తి నడిపే చెక్క నావలు ఒకప్పుడు మామూలు దృశ్యం. ఫైబర్ బోట్లు వచ్చాక ఆ నావలు కట్టే పని బాగా తగ్గిపోయింది. శాలువాలు, ప్రదర్శనలు ఈ పనిని నిలబెట్టలేవు. ఏటా నాలుగు పడవలకు ఆర్డరిస్తే నిలబడుతుంది.

మన మెట్టప్రాంతం వాళ్లకు తెప్ప అంటే పుష్కరిణిలో దీపాల మధ్య తిరిగే స్వామివారి తెప్పే. సముద్రపు తెప్ప వేరు. తేలికపాటి దుంగల్ని తాళ్లతో బిగించి కడతారు, వేట ముగిశాక విప్పి, నానిన దుంగల్ని ఇసుక మీద ఆరబెడతారు. చెన్నపట్నానికి హార్బరు లేని రోజుల్లో ఓడ దిగిన ప్రయాణికుల్నీ సరుకునీ అలల మీదుగా ఒడ్డుకు చేర్చిన మసూలా పడవ ఇంకో అద్భుతం. అది తెడ్లతో నడిచేది, మేకు అన్నది ఎరగదు. రెండు పలకల అంచులు కలిపి, అంచు వెంట వరసగా రంధ్రాలు తొలిచి, కీలు మీద పీచు చుట్ట పరిచి, కొబ్బరి తాడుతో అటూ ఇటూ కుట్టేవాళ్లు. తాడు వదులైతే నీళ్లు కారతాయి, మరీ బిగిస్తే పలక అంచు చీలుతుంది. ఇంత శ్రమ దేనికంటే, మేకులతో బిగిసిపోయిన పడవ అల విసిరి ఇసుకకు కొడితే పగులుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి, సాగి, ఆ దెబ్బ కాచుకుంటుంది. కుట్లు సడలితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. విరిగిన ఎముకను ఎంత బిగించాలో తెలిసిన పుత్తూరు చేతికి ఈ లెక్క కొత్తేమీ కాదు.

ఈ విద్య ఒకసారి పోతే తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో 'ఐఎన్ఎస్‌వి కౌండిన్య' చూపించింది. అజంతా గుహల్లోని 5వ శతాబ్దపు ఓడ బొమ్మ ఆధారంగా కుట్టిన ఓడ కట్టాలని 2023లో కేంద్ర సాంస్కృతిక శాఖ, నౌకాదళం, గోవాలోని ఒక సంస్థ ఒప్పందం చేసుకున్నాయి. చేతిలో బొమ్మ తప్ప ప్లాను లేదు. నీళ్లలో దాని నడకను నమూనాతో పరీక్షించడానికి ఐఐటీ మద్రాసు సాయం కావాల్సొచ్చింది. కుట్టే చేతుల్ని మాత్రం కేరళ నుంచి తెచ్చుకున్నారు. ఆ ఓడ 2025 మేలో నౌకాదళంలో చేరింది, అదే ఏడాది డిసెంబరు 29న పోర్‌బందర్‌లో తెరచాప ఎత్తి, 2026 జనవరి 14న మస్కట్ చేరింది. గర్వించదగ్గ పనే. రెండు తెరచాప కొయ్యల ఓడను నాణెం మీద అచ్చేసుకున్న శాతవాహనులు మనవాళ్లని చెప్పుకుంటాం గానీ, అలాంటి ఓడ కుట్టాల్సి వచ్చినప్పుడు వెతుక్కుంటూ కేరళ వెళ్లాం. వీడియో తీసి దాచుకుంటే చాలదా అంటారు కొందరు. వీడియోలో తాడు కనిపిస్తుంది, దాని బిగువు కనిపించదు.

అసలు ఆక్షేపణ మత్స్యకారుల వైపు నుంచి వస్తుంది, అది న్యాయమైనదే. ఇంజన్ ఉంటే గాలి కోసం కాచుకోనక్కర్లేదు, ఫైబర్ బోటుకు పురుగు పట్టదు, ఏటా కీళ్లు పూడ్చి నూనె పట్టే చాకిరీ లేదు. పొట్టకూటి కోసం కడలిలోకి పోయేవాణ్ణి మా ముచ్చట కోసం తెరచాప ఎత్తమనడం పట్నం వాళ్ల దబాయింపు. నేనడిగేది అది కాదు. వేట ఎలా సాగాలో వేటగాడే తేల్చుకుంటాడు. అయితే ఫైబర్ లెక్కలో మనం కలపని ఖర్చు ఒకటుంది. పాతబడ్డ చెక్క పడవ పొయ్యిలోకో దడిలోకో పోతుంది, పగిలిన ఫైబర్ డొప్పను కాలిస్తే విషప్పొగ, పూడిస్తే మట్టిలో కలవదు.

ఆర్డరివ్వాల్సింది ప్రభుత్వం. శీతాకాలంలో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగినప్పుడు పులికాట్ ఒడ్డున బి.వి.పాలెం దగ్గర బోటు షికారు పెద్ద ఆకర్షణ. సరస్సు లోతు చాలాచోట్ల మీటరు అటూ ఇటూ, వచ్చిన జనం చూడాలనుకునేది పక్షుల్ని. ఆ చోటికి ఇంజన్ మోతకన్నా గడకర్రతో తోసే, గాలికి కదిలే నావే నప్పుతుంది. భద్రత మాటేమిటంటారా? 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది ఇంజన్ బోటే. చెక్క నావకూ తనిఖీ, మనుషుల లెక్క, లైఫ్ జాకెట్లు తప్పనిసరి చేస్తే సరిపోతుంది. ఇక కలప కొరత. ఏటా మూడు నాలుగు చిన్న నావలకు కాపు ఉడిగిన మామిడి చెట్లు చాలు, మామిడి తోటల చిత్తూరు సీమలో వాటికి కరువొస్తుందంటే నమ్మలేను. డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ కలిసి తమ చెక్క పడవల విద్యకు 2021లో యునెస్కో గుర్తింపు తెచ్చుకున్నాయి. మనకు ముందు గుర్తింపు కాదు, పని కావాలి. టెండరులో ఒక షరతు పెడితే చాలు: పెద్ద వడ్రంగి పక్కన ఇద్దరు కుర్రాళ్లు జీతం మీద నేర్చుకోవాలి. పచ్చి చెక్కతో కట్టిన నావ ఎండకు నెర్రెలిస్తుంది, కాబట్టి జనవరి ఫ్లెమింగో పండక్కి నావ నీళ్లలో దిగాలంటే దుంగలు ముందు వేసవిలోనే కోతమిల్లుకు చేరాలి.