కస్టమ్ ఈ-సైకిల్‌కి అందం ఎక్కడుంటుంది? ముందు ట్యూబ్ మార్చి చూడండి

నా మొదటి ఎలక్ట్రిక్ సైకిల్ ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మ్యాట్ బ్లాక్ అల్లాయ్ ఫ్రేమ్, బైక్ ట్యాంక్‌లా కనిపించే బ్యాటరీ బాక్స్, బయటికి ఒక్క వైర్ కూడా కనపడదు. మా బీటెక్ బ్యాచ్ గ్రూప్‌లో పెడితే "ఏ కంపెనీది రా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకే పొంగిపోయా. ఇంట్లో కట్టిన సైకిల్ కంపెనీ బండిలా కనిపించిందంటే ఇంకేం కావాలి అనుకున్నా.

ఆ సైకిల్ మా నాన్న కోసం కట్టింది. ఆయన దాన్ని 11 రోజులు తొక్కారు. పన్నెండో రోజు నుంచి మళ్లీ పాత సైకిలే.

ఆ 11 రోజుల్లో ఏం జరిగింది, తర్వాత రెండో సైకిల్ ఎలా కట్టాను అన్నదే ఈ ఆర్టికల్. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కస్టమ్ ఈ-సైకిల్ అందాన్ని మనం ఫొటోలో వెతుకుతున్నాం. తొక్కే మనిషికి, తిరిగే రోడ్డుకి, రిపేర్ చేసే చేతికి అది ఎంత కుదిరింది అన్న దగ్గర వెతకాలి.

ఆ 11 రోజులు

మాది నంద్యాల జిల్లా బేతంచెర్ల. ఇళ్లల్లో పరిచే పాలిష్ బండలకి మా ఊరు పేరు. నాన్న ఒక పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఇంటి నుంచి 4 కిలోమీటర్లు, పోయేటప్పుడు కొంచెం ఎగువ. ఇరవై ఏళ్లుగా సైకిల్ మీదే పోతున్నారు. రెండేళ్లుగా మోకాళ్లు నొప్పి. మోపెడ్ కొనిస్తానంటే "నాకొద్దురా, సైకిలే అలవాటు" అన్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతిలో జీతం, యూట్యూబ్‌లో బోలెడు బిల్డ్ వీడియోలు. ఇంక ఆగుతానా?

48 వోల్టులు, 15 ఆంప్ అవర్ బ్యాటరీ. వెనక చక్రంలో 500 వాట్ల హబ్ మోటారు. మొత్తం బరువు 31 కేజీలు. రోజుకి 8 కిలోమీటర్లు తిరిగే మనిషికి ఇదంతా ఎందుకు అని నన్ను నేను అడగలేదు. బ్యాటరీ, కంట్రోలర్ రెండూ ఒకే బాక్స్‌లో పెట్టి, నీళ్లు పోకుండా సిలికాన్‌తో సీల్ చేసేశా. మోటారు వైర్‌కి మధ్యలో కనెక్టర్ పెడితే లుక్ పోతుందని నేరుగా బాక్స్ లోపలికి తీసుకెళ్లి సోల్డర్ చేశా. ఇది గుర్తుపెట్టుకోండి.

మా రోడ్ల మీద బండల లారీలు తిరుగుతాయి, రాతి పెళ్లలు రాలుతుంటాయి. అలాంటి పెళ్ల ఒకటి వెనక టైర్ కోసేసింది. మామూలు పంచర్ అయితే మనవాళ్లు చక్రం విప్పకుండానే ట్యూబ్ పక్కకి లాగి ప్యాచ్ వేసేస్తారు. కానీ ట్యూబ్ వాల్వ్ దగ్గర చిరిగింది. కొత్త ట్యూబ్ వెయ్యాలి, అంటే చక్రం ఊడాలి. సైకిల్ షాప్ మామ నాకు ఫోన్ చేశాడు. "అబ్బీ, చక్రం తియ్యాలంటే నీ వైరు కత్తిరించాల. కత్తిరించమంటావా?"

"వద్దు మామా, శనివారం నేనే వస్తా" అన్నా. మీటింగ్‌లో ఉన్నా, పెట్టేశా.

మే నెల, మధ్యాహ్నం. నాన్న ఆ 31 కేజీల సైకిల్‌ని మూడు కిలోమీటర్లు ఇంటికి తోసుకుంటూ వచ్చారని రాత్రి అమ్మ చెప్తే తెలిసింది. ఆయన మాత్రం ఏమీ అనలేదు. శనివారం వెళ్లి అడిగితే, "బండి బాగుంది లేరా. మన ఊర్లో దాన్ని విప్పేటోడు లేడంతే" అన్నారు.

ఆ వైర్ కత్తిరించమని నేను చెప్పుంటే అయిపోయేది. చెప్పలేదు. నా లుక్ కాపాడుకున్నా.

బండని ఎలా చూస్తారు?

మా ఊర్లో బండ కొనడం తెలిసినవాళ్లు మెరుపు చూసి డబ్బులివ్వరు. వేలి కణుపుతో తట్టి శబ్దం వింటారు. నీళ్లు చల్లి ఆరేదాకా ఆగుతారు. బండంతా ఆరాక కూడా ఒక గీత మాత్రం తడిగా, నల్లగా మిగిలితే అక్కడ పగులు ఉన్నట్టే. పాలిష్ ఎంత బాగున్నా ఆ బండ పక్కకి పోతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్న ఈ పరీక్ష నా సైకిల్‌కి పెట్టాలని నాకు తోచలేదు.

మా జిల్లాలోనే ఆళ్లగడ్డ ఉంది, శిల్పులకి పేరున్న ఊరు. శిల్పశాస్త్రంలో తాళమానం అని ఒక కొలత ఉంటుంది. ముఖం పొడవు ఒక తాళం, నవతాళ విగ్రహం అంటే ఎత్తు తొమ్మిది ముఖాలంత. ముందు కొలత, తర్వాతే ఉలి. రెండో సైకిల్‌కి నేను కూడా ముందు కొలతే రాసుకున్నా. రోజుకి 8 కిలోమీటర్లు. వెనక క్యారియర్ మీద టిఫిన్ క్యారియర్, అప్పుడప్పుడు బియ్యం మూట. గంటకి 20 కిలోమీటర్ల వేగం చాలు. రిపేర్ చేసేది సైకిల్ షాప్ మామ. ఈ నాలుగు లైన్ల తర్వాతే ఏ పార్ట్ అయినా.

ఫ్రేమ్: పాతదే

నాన్న పాత నల్ల స్టీల్ సైకిల్‌నే తీసుకున్నా. ఆయన ఒంటికి అలవాటైన సీటు, హ్యాండిల్ అలాగే ఉంచేశా. మోటారు ఈసారి ముందు చక్రంలో పెట్టా. 250 వాట్ల చిన్న గేర్డ్ హబ్. వెనక కాళ్లు లాగుతాయి, ముందు మోటారు లాగుతుంది. చైన్ వైపు, క్యారియర్ వైపు నేను వేలు పెట్టలేదు.

కష్టం రాలేదని కాదు. నాన్న సైకిల్ ముందు రిమ్‌కి 32 రంధ్రాలు, మోటారుకి 36. కొత్త రిమ్ తెప్పించి, స్పోక్స్ కొలిచి వేయించాల్సి వచ్చింది. ముందు రాడ్ బ్రేక్ తీసేసి కాలిపర్ బ్రేక్ పెట్టించా.

బ్యాటరీ: త్రికోణంలో

ఫ్రేమ్ మధ్య త్రికోణమే బ్యాటరీకి సరైన చోటు అన్నది కొత్త ఐడియా ఏం కాదు. 1895 డిసెంబర్ 31న అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ జూనియర్ అనే ఆయనకి ఎలక్ట్రిక్ సైకిల్ మీద పేటెంట్ వచ్చింది. ఆ డ్రాయింగ్‌లో మోటారు వెనక చక్రం హబ్‌లో ఉంటుంది, బ్యాటరీ ఫ్రేమ్ మధ్యలో వేలాడుతుంది. 130 ఏళ్లయినా ఆ చోటు మారలేదు. బరువు రెండు చక్రాల మధ్య పడుతుంది, కాబట్టి స్టాండ్ తీసినప్పుడు సైకిల్ పక్కకి లాగదు. క్యారియర్ మీద కట్టిన బ్యాటరీతో ఒకసారి మలుపు తిరిగి చూడండి, తేడా తెలిసిపోతుంది.

ఈసారి సెల్స్ ఎల్ఎఫ్‌పీ. ఒక్కోటి 6 ఆంప్ అవర్, మొత్తం 24. పన్నెండు సిరీస్‌లో, రెండేసి పారలల్‌లో. 38.4 వోల్టులు, 12 ఆంప్ అవర్, అంటే దాదాపు 460 వాట్ అవర్. తొక్కుతూ పోతే కిలోమీటర్‌కి 10 నుంచి 15 వాట్ అవర్ ఖర్చవుతుంది, కాబట్టి 30 కిలోమీటర్ల పైనే వస్తుంది. నాన్నకి నాలుగు రోజులకి ఒకసారి చార్జింగ్. అదే కెపాసిటీకి మామూలు లిథియం అయాన్ ప్యాక్ కంటే సుమారు ఒక కేజీ ఎక్కువ బరువు. కానీ వేడిని బాగా తట్టుకుంటుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలైన ఊర్లో ఆ కేజీ దండగ కాదు.

బాక్స్ అల్యూమినియం రేకుతో చేయించా. ముందు అట్టముక్క కోసి ఫ్రేమ్‌లో పెట్టి చూసి, నాలుగుసార్లు మార్చాక రేకు మీద గీశా. బాక్స్ అంచులు మూడు పైపులకీ సమాంతరంగా ఉంటాయి. చుట్టూ ఒకే వేలెడు ఖాళీ. ఎవరైనా "బాగుందే" అన్నారంటే ఎక్కువగా ఆ ఖాళీని చూసే అంటున్నారు, వాళ్లకి తెలియకపోయినా. నాలుగు బోల్టులు విప్పితే బాక్స్ బయటికి వస్తుంది. దాన్ని ఒక్కదాన్నే ఇంట్లోకి తెచ్చుకుని చార్జింగ్ పెట్టుకోవచ్చు.

వైర్లు: కనిపించాలి, కానీ పద్ధతిగా

ఇక్కడే నాతో చాలామందికి గొడవ. "వైర్లు కనపడుతున్నాయి బ్రో, క్లీన్‌గా లేదు" అంటారు. క్లీన్ అంటే కనపడకపోవడం ఒక్కటే కాదు కదా.

రెండో సైకిల్‌లో ప్రతి వైర్ కనిపిస్తుంది. పైపు వెంబడే నడుస్తుంది, జానెడు దూరానికో టై. హ్యాండిల్ దగ్గర పూర్తిగా తిప్పినా లాగకుండా కొంచెం వదులు. బాక్స్‌లోకి వెళ్లే ముందు వైర్ ఒకసారి కిందికి వంగి పైకి వెళ్తుంది. వాన నీళ్లు ఆ వంపు దగ్గర రాలిపోతాయి, లోపలికి జారవు. మా రోడ్ల మీద బండల కోత నీళ్లు తెల్లటి బురదై పారుతుంటాయి, కాబట్టి ఈ చిన్న వంపు లేకపోతే కనెక్టర్ ఎన్నో రోజులు బతకదు.

ఇరుసుకి జానెడు పైన, ఫోర్క్ మీద, ఒక వాటర్‌ప్రూఫ్ కనెక్టర్ ఉంది. లాగితే ఊడుతుంది, బాణం గుర్తులు కలిపి నొక్కితే పడుతుంది. మొత్తం సైకిల్‌లో నాకు అన్నిటికంటే నచ్చే పార్ట్ అదే.

టార్క్ ఆర్మ్: వికారంగా ఉండే ప్రాణరక్షణ

హబ్ మోటారు చక్రాన్ని ముందుకి తిప్పుతుంటే, ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని పట్టుకునేది ఫోర్క్ చివర ఉన్న చిన్న గాడి మాత్రమే. అది అరిగినా, నట్టు వదులైనా ఇరుసు గిర్రున తిరిగి వైర్లు తెంపుకుంటుంది. ముందు చక్రమైతే ఊడిపోయి మనిషి ముఖం మీద పడొచ్చు. అందుకే టార్క్ ఆర్మ్ పెట్టాలి. ఇరుసుని పట్టుకుని ఫోర్క్‌కి బిగించే ఇనుప పట్టీ అది. వెల్డింగ్ షాప్ అన్న 6 మిల్లీమీటర్ల స్టీల్‌లో కోసిచ్చాడు. ఫొటోలో అది పాత తాళం చెవిలా కనిపిస్తుంది. దాన్ని తీసేసి ఫొటో దిగేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి.

పవర్: ఎంత చాలు?

"1000 వాట్లు పెట్టుంటే?" అని ప్రతి వారం ఎవరో ఒకరు అడుగుతారు. మన రూల్స్‌లో మోటారు పవర్‌కి 250 వాట్లు, వేగానికి గంటకి 25 కిలోమీటర్లు అని గీత ఉంది. ఆ లోపు ఉండేవాటికే రిజిస్ట్రేషన్, లైసెన్స్ నుంచి మినహాయింపు. నా మొదటి బిల్డ్ ఆ గీత దాటిందే, ఒప్పుకుంటున్నా.

రూల్ పక్కన పెట్టినా ఫిజిక్స్ ఉంది. వేగం రెట్టింపయితే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లు. 25కి సరిపోయే రబ్బరు బ్రేకుల మీద 50లో పోయే సైకిల్‌ని చూసి నేను అందంగా ఉందని అనలేను.

పవర్ కంటే అది ఎలా వస్తుందన్నదే ముఖ్యం. 1993లో యమహా పీఏఎస్ అనే సైకిల్ తెచ్చినప్పుడు, పెడల్ మీద కాలు ఎంత బలంగా పడితే దానికి తగ్గట్టు మోటారు సాయం చేసేది. నా దాంట్లో ఉన్నది చవక సెన్సర్, పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే దానికి తెలుసు. మొదట్లో తొక్కగానే కుదుపు వచ్చేది. కంట్రోలర్ సెట్టింగ్స్‌లో కరెంట్ మెల్లగా పెరిగేలా మార్చుకుంటూ పోయా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పనికొచ్చింది ఈ ఒక్క చోటే. నాన్న ఎగువ ఎక్కి వచ్చి, "ఎదురుగాలి ఆగిపోయినట్టుందిరా" అన్నారు.

అంటే జుగాడ్ చాలా?

కాదు. నీలం ప్లాస్టిక్ చుట్టిన సెల్స్‌ని టేప్‌తో ఫ్రేమ్‌కి కట్టి, బీఎంఎస్ లేకుండా, ఫ్యూజ్ లేకుండా తిరిగే బిల్డ్స్ కూడా చూస్తున్నాం. "మనోడి టాలెంట్" అని షేర్ చేస్తున్నాం. అది కూడా నా మొదటి సైకిల్ లాంటిదే. ఒకరు లుక్ కోసం మనిషిని మర్చిపోతే, ఇంకొకరు చవక కోసం మర్చిపోయారు.

కంపెనీ సైకిళ్లలో బ్యాటరీ పైపు లోపల దాచడం తప్పు అనట్లేదు. తాళం తిప్పితే బయటికి వచ్చేలా చేసి, మీ ఊర్లో సర్వీస్ ఉంటే హాయిగా కొనుక్కోండి. కానీ సొంతంగా కట్టుకున్న సైకిల్‌కి సర్వీస్ సెంటర్ అంటే వీధి చివర షాపే. ఆ షాప్ వాళ్ల చేతిలో ఉండే పానాలతో విప్పడానికి రాకపోతే అది సగం బిల్డే.

చివరగా

రెండో సైకిల్ కట్టి ఎనిమిది నెలలైంది. నాన్న రోజూ దాని మీదే పోతున్నారు. ఆదివారం పొద్దున తడిగుడ్డతో తుడిచి, రాతి బురద కనెక్టర్ దగ్గర పేరుకుందేమో వంగి చూస్తారు. మొదటిదాన్ని ఆయన ఎప్పుడూ తుడవలేదు.

ఈ మధ్యే మళ్లీ ట్యూబ్ పోయింది, ఈసారి మోటారు ఉన్న ముందు చక్రమే. షాప్ మామ నాకు ఫోన్ చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరం రాలేదు. కనెక్టర్ లాగాడు, టార్క్ ఆర్మ్ విప్పాడు, చక్రం తీశాడు, ట్యూబ్ మార్చి బిగించాడు. నాన్న చెప్పేదాకా నాకు తెలియదు.

మీరు కూడా బిల్డ్ చేస్తుంటే, ఫొటో పెట్టే ముందు ఒక పని చెయ్యండి. మీ వీధి మెకానిక్‌ని పిలిచి, మీరు ఏమీ చెప్పకుండా మోటారు ఉన్న చక్రానికి ట్యూబ్ మార్చమనండి. టైమ్ చూడండి. మా రెండో సైకిల్‌కి 18 నిమిషాలు పట్టింది. మొదటిది ఇంకా గోడకి ఆనుకునే ఉంది, అదే టైర్‌తో.