పిల్లలతో కాసేపు: కాగితపు మామిడాకులు

మన పంచాంగం ప్రకారం చైత్ర శుద్ధ పాడ్యమితో వసంత ఋతువు మొదలవుతుంది. ఆ సంగతి ఎడ్మంటన్‌లోనూ, విన్నిపెగ్‌లోనూ వాకిట్లో పేరుకున్న మంచుకు ఎవరూ చెప్పినట్లు లేదు. విశ్వావసు ఉగాది 2025లో మార్చి 30న వచ్చింది. 2026లో పరాభవ ఉగాది మార్చి 19న, అంటే ఇక్కడి కాలెండరులోని వసంతానికి సరిగ్గా ఒక రోజు ముందు. వాంకూవర్ వాళ్ళకు ఆ రోజుల్లో చెర్రీపూతైనా కంటబడుతుంది. మిగిలిన మనకు కిటికీలోంచి చూస్తే మోడు చెట్లే. మామిడాకు ఎలా ఉంటుందో, వేపపూత ఎలా ఉంటుందో పిల్లలకు చూపించాలంటే మనమే తయారు చేసుకోవాలి. అందుకు కావలసినవన్నీ డాలర్ స్టోరులోనే దొరుకుతాయి: రంగు రంగుల కన్‌స్ట్రక్షన్ పేపరు, మొన లేని కత్తెర, జిగురు, దారం.

అయితే ఈసారి ఈ శీర్షికలో కాగితం బొమ్మల గురించి రాయడానికి అసలు కారణం వేరే ఉంది. పిల్లలు బొమ్మలు చేస్తూ మాట్లాడే మాటలు ఒకసారి వినండి. "ఇది ఫోల్డ్ చెయ్యనా? ఇక్కడ కట్ చెయ్యనా? గ్లూ చెయ్యనా?" ఈ మూడు వాక్యాల్లో పని చెప్పే తెలుగు మాటగా మిగిలింది "చెయ్యి" ఒక్కటే. మడత పెట్టడం, కత్తిరించడం, అంటించడం అన్నీ ఆ ఒక్క మాటలో కలిసిపోయాయి. పండ్ల పేర్లు, రంగుల పేర్లు మరచిపోతే మళ్ళీ బల్లమీద పెట్టి నేర్పించవచ్చు. పని చెప్పే మాటలు పోతే వాక్యమే చేజారిపోతుంది. వాటిని పుస్తకం ముందు పెట్టుకుని నేర్పడం కష్టం. ఆ పని చేస్తుండగా చెబితే మాత్రం ఇట్టే పట్టుబడతాయి. మన భాషలో "చెయ్యి" అంటే పని చెయ్యమనీ, హస్తమనీ రెండర్థాలూ ఉండనే ఉన్నాయి!

కనుక ఈ గంటసేపు ఒక్కటే నియమం: చేతిలో కాగితం ఉన్నంతసేపు నోట్లో తెలుగు మాట.

మామిడాకుల తోరణం

9 అంగుళాలు, 12 అంగుళాలు ఉండే ఆకుపచ్చ కాగితం ఒక్కటి చాలు. 6 అంగుళాల పొడవు, అంగుళమున్నర వెడల్పు ఉన్న ముక్కలు చేస్తే సరిగ్గా 12 వస్తాయి, ఒక్క పేలిక కూడా వృథా పోదు. ఒక్కొక్క ముక్కను నిలువుగా మధ్యకు మడత పెట్టించండి. "గోటితో గట్టిగా రుద్దు" అనండి. ఆ మడతే ఆకుకు ఈనె అవుతుంది. మడత ఉన్న వైపు ముట్టుకోకుండా, విడిగా ఉన్న అంచువైపు సగం ఆకు ఆకారం గీసి కత్తిరించమనండి. "ఇప్పుడు విప్పు" అనగానే సగం ఆకు కాస్తా నిండు ఆకవుతుంది. నాలుగేళ్ళ పిల్లల మొహం చూడవలసింది ఆ క్షణంలోనే.

తొడిమ వైపు ఒక అంగుళం వెనక్కి మడిచి, దారం మీదుగా వేసి అంటించాలి. మన గుమ్మం 36 అంగుళాల వెడల్పు అనుకుంటే, ఆకుకూ ఆకుకూ మధ్య అంగుళమున్నర ఎడం వదిలితే 12 ఆకులూ చక్కగా సరిపోతాయి. రెండో తరగతి పిల్లలుంటే ఈ లెక్క వాళ్ళచేతనే వేయించండి. మరొక్క మాట. మామిడి లేత చిగురు ఆకుపచ్చగా ఉండదు, రాగిరంగులో ఉంటుంది. రెండు మూడు ఆకులు ఎర్రమట్టి రంగు కాగితంతో చేస్తే, "చిగురు" అనే మాటకు ఒక రంగు కూడా తోడవుతుంది.

వేపపూత

ఆఫీసు కాగితాలకు చిల్లులు పెట్టే పంచింగ్ మిషన్ అడుగున తెల్లటి చుక్కలు పోగవుతాయి కదా, వాటిని పారేయకండి. వేపపువ్వుకు తెల్లటి చిన్న రేకులు ఐదు. ముదురు రంగు కాగితం మీద ఆకుపచ్చ క్రేయానుతో ఒక రెమ్మ గీసి, ఐదేసి చుక్కలు గుండ్రంగా అంటిస్తే ఒక్కొక్క పువ్వు తయారు. నాలుగైదు పూలు దగ్గరగా చేరితే గుత్తి. రేకు, పువ్వు, గుత్తి, రెమ్మ: నాలుగు మాటలూ పావుగంటలో వచ్చేస్తాయి.

కోయిలా, రాబినూ

ఒకే అచ్చుతో రెండు పిట్టలు కత్తిరించండి. కడుపు దగ్గర చిన్న గాటు పెట్టి, విసనకర్రలా ముందుకూ వెనక్కూ మడతలు పెట్టిన కాగితం అందులోంచి దూరిస్తే అటూ ఇటూ రెక్కలు. నల్ల కాగితంతో చేసి ఎర్రటి కన్ను పెడితే మగకోయిల. మనకు వినబడే ఆ "కుహూ" పాట మగపిట్టదే. ఆడకోయిల గోధుమరంగులో తెల్లటి చుక్కలతో ఉంటుంది. కోయిల తన గుడ్లను కాకి గూట్లో పెట్టే కథ చెప్పడానికి ఇదే సమయం, పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. రెండో పిట్టకు నారింజరంగు రొమ్ము అంటిస్తే ఇక్కడి రాబిన్. వసంతం వచ్చిందని కెనడా వాళ్ళకు కబురు తెచ్చే పిట్ట అది. రెండింటినీ ఒకే కొమ్మ మీద కూర్చోబెట్టండి, పోట్లాడుకోవు.

ఆరు భాగాల చక్రం

పళ్ళెం బోర్లించి గుండ్రంగా గీసి కత్తిరించండి. సగానికి మడత పెట్టి, ఆ సగాన్ని మూడు సమానమైన మడతలు పెడితే, విప్పినప్పుడు ఆరు భాగాలు. ఒకవైపు తీపి, పులుపు, చేదు, కారం, ఉప్పు, వగరు రాయించి, బెల్లం, చింతపండు, వేపపువ్వు, మిరపకాయ, ఉప్పు, మామిడికాయ బొమ్మలు వేయించండి. వెనకవైపు వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం రాయించండి.

ఇక్కడే పిల్లలు పట్టుకుంటారు. "స్కూల్లో నాలుగే అన్నారుగా?" అని. ఇంకొక చక్రాన్ని రెండుసార్లు సగానికి మడిపించి నాలుగు భాగాలు చేసి పక్కన పెట్టండి. ఏది తప్పు? రెండూ ఒప్పే. ఒక్కొక్క నేల తన ఏడాదిని తనకు తగ్గట్టు మడత పెట్టుకుంది. మన ఊళ్ళో వానలకు ఒక ఋతువు మొత్తం కేటాయించాలి. శిశిరంలో ఆకులు రాలితే వెంటనే ఉగాదికి చిగుళ్ళు వస్తాయి. ఇక్కడ అక్టోబరులో రాలిన చెట్టు వసంతం దాకా మోడుగానే నిలబడి ఉండాలి. రెండు చక్రాలూ గోడమీద పక్కపక్కన ఉంటే, తన రెండు ఊళ్ళూ నిజమేనని బిడ్డకు మనం ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

పెద్దలకు కొన్ని మనవులు

మూడేళ్ళ పిల్లలు కాగితం అంచున గాట్లు మాత్రమే పెట్టగలరు. నాలుగేళ్ళకు తిన్నటి గీత వెంట, ఐదారేళ్ళకు వంపు గీత వెంట కత్తిరిస్తారు. అటూ ఇటూగా ఉన్నా కంగారు పడనక్కరలేదు. పూసలు, అంటించే ప్లాస్టిక్ కళ్ళు మూడేళ్ళలోపు పిల్లలకు అందనివ్వకండి. నోట్లోకి, ముక్కులోకి, చెవిలోకి పోతాయి, పండుగపూట ఎమర్జెన్సీకి పరుగెత్తవలసి వస్తుంది. స్టేప్లరు పెద్దల చేతిలోనే ఉండాలి.

నాన్నలకు, ముఖ్యంగా మా ఇంజనీరు సోదరులకు, మరొక మనవి. స్కేలు తీసుకుని ఆకులు మీరే దిద్దకండి. అంచు వంకరపోయిన ఆకే గుమ్మానికి అందం. అది చూడగానే ఎవరి చేతిదో తెలిసిపోతుంది.

పిల్ల "ఫోల్డ్ చేశాను" అంటే తప్పని ఆపకండి. "మడత పెట్టావా? భలే" అని ఊరుకోండి, చాలు. మూడో ఆకు దగ్గరకు వచ్చేసరికి ఆ మాట దాని నోటనే వస్తుంది. అమ్మమ్మో, తాతయ్యో ఇంట్లో ఉంటే వాళ్ళను పక్కన కూర్చోబెట్టండి. ఊళ్ళో ఉంటే వీడియోలో పిలవండి. ఫోను చేసిన ప్రతిసారీ "అన్నం తిన్నావా?" దగ్గర ఆగిపోయే సంభాషణ, "ఈనె ఇంకా గట్టిగా రుద్దు తల్లీ" దాకా వెళుతుంది.

మన సంఘం ఉగాది వేడుకల్లో పాటలకూ ఆటలకూ వేదిక ఉంది. హాలులో ఒక మూల ఒక బల్ల, కొంచెం కాగితం, చెప్పడానికి ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటే, వేదిక ఎక్కడానికి సిగ్గుపడే పిల్లలకూ పండుగలో ఒక పని దొరుకుతుంది. కార్యవర్గం వారు ఆలోచించగలరు. ఈలోగా మీ ఇంటి బల్లమీద మొదలుపెట్టండి.

పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు.