ఆగమన కాలమున మన లెక్కలు

కార్తిక దీపములు కొండెక్కినవి. మార్గశిరము వచ్చినది. మన గంజాము సీమలోని తెలుగు ఇండ్లలో లక్ష్మివారములకు వాకిళ్ళు అలికి, తడి బియ్యపు పిండితో ముగ్గులు తీర్చుచున్నారు. మనలోని క్రైస్తవ కుటుంబములవారికి ఈ దినములే ఆగమన కాలము. నవంబరు 30వ తేదీకి సమీపమున నున్న ఆదివారముతో నిది ప్రారంభమై, నాలుగు ఆదివారములు గడచి, క్రిస్మసు పండుగతో ముగియును. ఇల్లు శుభ్రపరచుకొనుటయే ఉభయులకును మొదటి పని.

ఈ పత్రిక భాష కొరకు పుట్టినదేగాని మతబోధకై పుట్టినది కాదు. ఐనను ఈ వారము మేము ఆగమన కాలమును గూర్చియే వ్రాయ దలచితిమి. అందుకు కారణము తుదకు తెలియగలదు.

క్రిస్మసనగా నక్షత్ర దీపము, కేకు, క్రొత్త బట్టలు అని మనలో పెక్కురి తలంపు. బట్టల వర్తకులమగు మాకు ఆ తలంపు లాభకరమే, కాదనము. కాని పండుగకు ముందు నడచు ఈ నాలుగు వారములు ఉత్సవ దినములు కావు. పూర్వము ఇవి ఉపవాస దినములు. క్రీస్తు శకము అయిదవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశమందలి తూర్ నగరపు బిషప్పు పెర్పెటువస్, నవంబరు 11వ తేదీ మొదలు క్రిస్మసు వరకు వారమునకు మూడు దినములు ఉపవసింపవలెనని కట్టడ చేసెను. నేటికిని కతోలిక దేవాలయములలో ఈ కాలమున గురువులు ఊదారంగు వస్త్రములు ధరింతురు. మూడవ ఆదివారము మాత్రము గులాబి రంగు వాడుటకు అనుమతి గలదు. దుఃఖము నడుమ కొంచెము ఊరట యన్నమాట. నాలుగు దీపముల వలయము తరువాత వచ్చిన ఆచారము. 1839లో జర్మనీ దేశపు హాంబర్గు నగరమున వీహెర్న్ అను పాదిరి, తన ఆశ్రమమందలి బీద బాలురు పండుగ ఎన్నడని దినదినము అడుగుచుండగా, పాత బండి చక్రముపై క్రొవ్వొత్తులు నిలిపి దినములు లెక్కపెట్టుట నేర్పెను. కొన్ని ప్రొటెస్టెంటు సంఘములు ఈ కాలమును విధిగా పాటింపవు. వారియందును పశ్చాత్తాపమును గూర్చిన బోధ తక్కువ కాదు.

తెలుగు బైబిలునందు పశ్చాత్తాపమునకు వాడిన మాట 'మారుమనస్సు'. గ్రీకు మూలమందలి 'మెటనోయా' అను పదమునకును మనస్సు మారుట యనియే అర్థము. ఈ తెలుగు మాట మాకు మిక్కిలి నచ్చినది. ఏడ్చినంత మాత్రమున పశ్చాత్తాపము తీరినదనుకొనవచ్చును. మనస్సు మారినదో లేదో మాత్రము ఎదుటివానికి తెలిసిపోవును.

ఈ కాలమున దేవాలయములలో స్నానికుడగు యోహాను కథ చదువుదురు. ప్రభువు వచ్చుచున్నాడు, మార్గము సిద్ధపరచుడు, పల్లములు పూడ్చుడు, మెట్టలు చదును చేయుడు అని యెషయా ప్రవక్త పలికిన భావమునే యోర్దాను నది యొడ్డున ఆయన చాటెను. మంత్రిగారు వచ్చుచున్నారనగా రాత్రికి రాత్రి గోతులు పూడ్చుట మన మెరిగినదే. ఆయన వెళ్ళిన వారమునకు గోతులు మరల బయలుపడుటయు ఎరిగినదే. యోహాను కోరిన మరమ్మతు అట్టిది కాదు. జనులు వచ్చి, అట్లయిన మేమేమి చేయవలెనని యడిగిరి. ఆయన వారిని హిమాలయములకు పొమ్మనలేదు. రెండు అంగీలున్నవాడు లేనివానికొకటి ఇయ్యవలెననెను. పన్ను వసూలు చేయువారితో, నిర్ణయించినదానికంటె పైస ఎక్కువ తీయవద్దనెను. సిపాయిలతో, బెదిరించి గుంజుకొనవద్దు, జీతముతో తృప్తి పడుడనెను. లూకా సువార్త మూడవ అధ్యాయమున నిది యున్నది. ఎవని వృత్తిలో ఎక్కడ తప్పు జరుగునో అక్కడనే వ్రేలు పెట్టి చూపినాడు. వర్తకులు అడిగినట్లు మాత్రము అందు లేదు. ఏల అడుగలేదో మాకు తెలియును. అడిగియుండిన కాటా చూపు మనియుండును, గజము బద్ద చూపు మనియుండును, ఆవర్జా విప్పు మనియుండును.

ఆ సువార్తయందే జక్కయ్య యను సుంకపు గుత్తదారు కథ గలదు. వాడు కన్నీరు కార్చినట్లు వ్రాయలేదు. ఆస్తిలో సగము బీదల పాలు చేసెదననియు, అన్యాయముగా తీసినది నాలుగంతలుగా తిరిగి యిచ్చెదననియు నిలుచుండి చెప్పెను. మన పొరుగున ఒడియావారు ఈ మార్గశిరమునందే చదువుకొను బలరామ దాసుని లక్ష్మీ పురాణమునందును ఇట్టి తీరే కనబడును. అంటరానిదని యెంచబడిన శ్రియ ఇంటికి పోయినదన్న కోపముతో లక్ష్మిని వెడలగొట్టిన జగన్నాథ బలరాములు, పండ్రెండేండ్లు ఆకలితో తిరిగి, కడకు ఆమె చేతి కూడే తినవలసి వచ్చెను. తప్పు దిద్దుకొనుటకు దేవుళ్ళకును నోటి మాట చాలలేదు.

ఇక మా సంగతి. మొన్న ఆగమన కాలపు మొదటి సోమవారమున ఒక వృద్ధుడు మా అంగడికి వచ్చెను. ఆయన క్రైస్తవుడు, రైల్వేలో పనిచేసి విరమించినవాడు. పదునొకండేండ్ల క్రిందట కూతురు పెండ్లికి అరువు తీసికొన్న బట్టలలో 1,740 రూపాయలు నిలిచిపోయినవి. మేము ఆ పద్దు రానిబాకీలలో కొట్టివేసి మరచితిమి. ఆయన మరువలేదు. రుమాలు మూట విప్పి నోట్లు లెక్కపెట్టి, "షావుకారు గారూ, పండుగకు ముందు ఇది తీరవలె. లేకపోతే గుడిలో మోకరించలేకున్నాను" అనెను. వడ్డీ మాట ఎత్తగా మేమే వలదంటిమి. రసీదు అడిగి తీసికొని వెళ్ళెను.

ఆ రాత్రి మేము మన సంఘము చిట్టా తెరచితిమి. ఇది పాఠకులందరును వినవలసిన సంగతి. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున పుట్టి, 1833లో కటకమున బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారి తెలుగు కీర్తనలు ఈ డిసెంబరులోను మన పిల్లల నోట వినబడును. వారు పాడుచున్నారు గాని అచ్చులోని తెలుగును చదువలేరు. హిందువుల పిల్లల స్థితియు అదే. అందుకే మన భవనమున సాయంకాలపు తెలుగు తరగతి పెట్టితిమి. బోధించినది ఒక క్రైస్తవ సోదరి. వానలోను మానక వచ్చెడిది. నిరుడు ఆమెకు నాలుగు నెలల గౌరవ వేతనము మనము ఈయలేదు. నిధులు లేవంటిమి. అది నిజము కాదు. తరగతికని వసూలైన చందా ఉగాది ఉత్సవమున పందిరికిని విద్యుద్దీపములకును పోయినది. ఆ తీర్మానముపై మా సంతకము కూడ నున్నది. ఆమె ఒకమారు అడిగినది, రెండవమారు అడుగలేదు. పిదప రాలేదు. పిల్లలు చెదరిపోయిరి. శ్రద్ధ లేదని తలిదండ్రులను ఈ పత్రికలోనే మేము నిందించితిమి. ఆ నింద ఉపసంహరించుకొనుచున్నాము. శ్రద్ధ లేనిది మాకు.

గత ఆదివారము కార్యవర్గము సమావేశమైనది. ఉత్సవ నిధినుండి సర్దవచ్చునని కొందరనిరి. మరియొక నిధిని నొప్పించి ఈ నిధిని మాన్పుట వైద్యము కాదని మేమంటిమి. కొంత వాదము జరిగినది. తుదకు, సంతకములు చేసిన అయిదుగురమును సమభాగములుగా మా చేతి సొమ్ము వేసి బాకీ తీర్చుటకు అంగీకారమైనది. ఈ శనివారము అధ్యక్షులు, కోశాధికారి, మేము ఆమె ఇంటికి పోయి సొమ్ము ముట్టజెప్పి క్షమాపణ కోరెదము. తిరిగి బోధింపుమని ఆనాడు అడుగము. అడిగినయెడల బాకీ తీర్చుట బేరమైపోవును. ఆ మాట క్రొత్త సంవత్సరమున, ఆమె ఇష్టమును బట్టి.

తరగతి చందా వాగ్దానము చేసి ఇంకను ఈయని సభ్యులు డిసెంబరు 20వ తేదీ లోపల కోశాధికారికి చెల్లింప ప్రార్థన. ఈ పైకము వేరుగా నుంచబడును. రసీదు ఈయబడును.